బ్రిటన్‌లో ఒకప్పటి ఆదివారం టీవీ ఎట్లా ఉండేది? మన రామాయణం రోజులతో పోల్చవచ్చా?

నల్లగొండ ఉపాధ్యాయుడు (ప్రశ్న):

మిత్రులందరికీ నమస్కారం. మా నల్లగొండలో పాత మిత్రులం కొందరం నెలనెలా ఒకచోట కలుసుకొని, ఎవరో ఒకరు రాసుకొచ్చిన వ్యాసం విని చర్చించుకుంటాము. ఈసారి వంతు నాది. ఎంచుకున్న విషయం ‘ఆదివారం నాటి దూరదర్శన్’. 1987 జనవరి 25న రామాయణం మొదలైన నాటి నుంచి 1990 జూన్ 24న మహాభారతం ముగిసిన నాటి దాకా మా పట్టణంలో ఆదివారం పొద్దు ఎట్లా గడిచిందో రాయడం నాకు కష్టం కాదు. తొమ్మిదిన్నర కాకముందే తలస్నానాలు పూర్తయ్యేవి. టీవీ ఉన్న ఇంట్లో ముందు వరుసలో పిల్లలు, వెనుక చాపల మీద పెద్దలు, కిటికీ బయట దారిన పోయేవారు చేరేవారు. ఆ గంట సేపు గడియారం సెంటర్‌లో రిక్షా దొరకడం కూడా గగనమయ్యేది. మధ్యాహ్నం బధిరుల వార్తలు, వాటి వెంట ఏదో ఒక ప్రాంతీయ భాషా చిత్రం వచ్చేవి. ఆ చిత్రం బెంగాలీదైనా మలయాళానిదైనా, తెలుగు వంతు ఎప్పుడు వస్తుందా అని ఎదురుచూస్తూనే చివరిదాకా చూసేవాళ్ళం.

అయితే మా మిత్రులలో ఒకరు, ఇటువంటి ఆదివారం మనకు మాత్రమే సొంతమైనది కాదని, బ్రిటన్‌లో 1950ల నుంచి 1980ల దాకా దాదాపు ఇదే తీరు నడిచిందని గట్టిగా వాదిస్తున్నారు. అక్కడ ఆ రోజుల్లో ఆదివారం పొద్దుటి నుంచి రాత్రి దాకా ఏమేమి ప్రసారమయ్యేవి? దేశమంతా పనులు పక్కన పెట్టి ఒకే కార్యక్రమం ముందు కూర్చున్న సందర్భాలు నిజంగా ఉన్నాయా? ఆ రోజుకు ఆ రూపం ఎవరు నిర్ణయించారు? అక్కడికి వెళ్ళిన మనవాళ్ళకు ఆ తెర మీద ఏమైనా దొరికిందా? అక్కడ ఉండి వచ్చినవారు, ఈ విషయాన్ని శ్రద్ధగా చదివినవారు తెలియజేస్తే నా వ్యాసంలో ఒక భాగం దీనికే కేటాయిస్తాను.

పాలమూరు వైద్యుడు:

ఉపాధ్యాయుల వారికి నమస్కారం. నేను మహబూబ్‌నగర్ వాడిని. 1970లలో ఉద్యోగరీత్యా బర్మింగ్‌హామ్ దగ్గర ఉన్నాను కనుక చూసినదీ, తరువాత చదివి తెలుసుకున్నదీ కలిపి రాస్తున్నాను.

మీ మూడో ప్రశ్నతో మొదలుపెడతాను, ఎందుకంటే దానికి జవాబు తెలిస్తే మిగతావి వాటంతట అవే అర్థమవుతాయి. బ్రిటన్‌లో ఆదివారం టీవీ రూపాన్ని మొదట నిర్ణయించినది ప్రేక్షకుల అభిరుచి కాదు, ప్రభుత్వ నిబంధన. 1950లలో ఏ రోజు ఎన్ని గంటలు ప్రసారం చేయాలో పోస్ట్‌మాస్టర్ జనరల్ అనే మంత్రి నిర్ణయించేవారు. ఆదివారం మామూలు కార్యక్రమాలు మధ్యాహ్నం 2 గంటల తరువాతనే మొదలు కావాలి. పిల్లలు చర్చివారు నడిపే ఆదివారం బడికి పోవాలి గనుక 2 నుంచి 4 గంటల మధ్య వారి కోసం తీసినవేవీ చూపకూడదు. సాయంత్రం ప్రార్థనల వేళ కూడా అంతే. 6.15 నుంచి 7.25 దాకా ప్రసారాలకు విరామం ఉండేది. ఆ తరువాత ఆ వేళను మత కార్యక్రమాలతో నింపుకొనేందుకు అనుమతి లభించింది. మామూలు రోజుల్లో సాయంత్రం 6 నుంచి 7 దాకా, చిన్నపిల్లలను నిద్రపుచ్చేందుకని, ప్రసారాలు ఆపే మరో నిబంధన ఉండేది. దానిని 1957 ఫిబ్రవరిలో ఎత్తివేశారు. ఆదివారం సాయంత్రపు పద్ధతి మాత్రం ఆ తరువాత మూడు దశాబ్దాలకు పైగా ఏదో ఒక రూపంలో నిలిచింది.

ఇందులో గమనించవలసిన కిటుకు ఒకటి ఉంది. బీబీసీ ప్రజల లైసెన్సు రుసుముతో నడిచేది, ఐటీవీ ప్రకటనల ఆదాయంతో నడిచేది. ఒకరు భక్తిగీతాలు వేస్తుండగా మరొకరు హాస్యనాటకం వేస్తే జనం అటే పోతారు. అందుకే ఇద్దరూ ఒకే వేళకు మత కార్యక్రమాలే వేయాలన్న ఏర్పాటు కుదిరింది, దానితో ఎవరికీ నష్టం లేకుండా పోయింది. 1961 అక్టోబరు 1న బీబీసీ ‘సాంగ్స్ ఆఫ్ ప్రెయిజ్’ అనే కార్యక్రమాన్ని కార్డిఫ్ నగరంలోని ఒక బాప్టిస్టు ప్రార్థనాలయం నుంచి ప్రారంభించింది. అది నేటికీ వస్తున్నది. వారానికొక ఊరి చర్చికి కెమెరాలతో వెళ్ళి అక్కడివారు పాడే కీర్తనలను చూపడం దాని పద్ధతి. ఐటీవీ వారు 1969 నుంచి ‘స్టార్స్ ఆన్ సండే’, 1983 నుంచి 1993 దాకా ‘హైవే’ నడిపించారు.

ఇక నేను చూసిన నాటి ఆదివారం చెబుతాను. ఆ రోజుల్లో చాలామంది టీవీని కొనకుండా అద్దెకు తెచ్చుకొనేవారు. మేము ఉన్న ఇంట్లోని టీవీకి వెనుక నాణేలు వేసే పెట్టె బిగించి ఉండేది. వేసిన నాణెం విలువ అయిపోగానే, కథ ఎంత రసపట్టులో ఉన్నా తెర ఆరిపోయేది. అందరం జేబులు తడుముకొని, చలికి వేసుకొన్న కోట్ల లోపలి జేబులు కూడా వెతికి, నాణెం దొరికాక మళ్ళీ కూర్చొనేవాళ్ళం. పొద్దున బీబీసీ 2లో ఓపెన్ యూనివర్సిటీ పాఠాలు వచ్చేవి. 1971 జనవరి 3న, అదీ ఒక ఆదివారమే, ఆ విశ్వవిద్యాలయపు ప్రసారాలు మొదలైనాయి. పగలు పనిచేసి చదువుకొనే కార్మికుల కోసం తెల్లవారుజామునే గణిత సమీకరణాలు వివరించే ఆచార్యులను చూస్తే నాకు ఎంతో గౌరవం కలిగేది. మధ్యాహ్నం పన్నెండు దాటాక ఐటీవీలో ‘వీకెండ్ వరల్డ్’ అనే రాజకీయ చర్చ, ఆ తరువాత ముందురోజు జరిగిన ఫుట్‌బాల్ ఆటల ముఖ్య ఘట్టాలు, బీబీసీలో పాత సినిమా వచ్చేవి. సాయంత్రం ఇంటిల్లిపాదీ చూసేందుకు ప్రసిద్ధ నవలల ధారావాహికలు, ఆపైన కీర్తనలు, అవి ముగియగానే పెద్ద నాటకం ఉండేవి. 1975లో కార్న్‌వాల్ గనుల నేపథ్యంలో సాగే ‘పోల్డార్క్’ మొదలైనప్పుడు మా ఆసుపత్రి నర్సులు సోమవారం పొద్దున దాని గురించి తప్ప మరొకటి మాట్లాడేవారు కాదు. చివరికి బీబీసీ 1 జాతీయ గీతంతో ప్రసారాలు ముగించేది.

వేసవిలో ఆదివారం మధ్యాహ్నమంతా బీబీసీ 2 క్రికెట్‌దే. 1969లో మొదలైన జాన్ ప్లేయర్ లీగ్‌లో ఒక్కో జట్టుకు 40 ఓవర్లు. ఆట ఒక్క పూటలో ముగియాలి గనుక బౌలరు పరుగు 15 గజాలు మించకూడదని నియమం పెట్టారు. మొదటి రెండేళ్ళూ గెలిచినది మన ఫరూఖ్ ఇంజినీర్ వికెట్ల వెనుక నిలిచిన లాంకషైర్. కెంట్ జట్టులో ఆసిఫ్ ఇక్బాల్ ఆడేవాడు. ఆయన పాకిస్తాన్ తరఫున ఆడినా పుట్టింది మన హైదరాబాదులో, రంజీలో ఆడింది హైదరాబాదుకు. అందుకని ఆయన బ్యాటు పట్టుకొని వస్తే మా గదిలో పాలమూరు వాళ్ళం, హైదరాబాదు వాళ్ళం ముందుకు జరిగి కూర్చొనేవాళ్ళం.

మనవాళ్ళకు ఏమి దొరికింది అని అడిగారు. 1965 అక్టోబరులో బీబీసీ భారత, పాకిస్తాన్ దేశాల నుంచి వచ్చి స్థిరపడినవారి కోసం ఆదివారం ఉదయం ప్రత్యేక కార్యక్రమం ఆరంభించింది. కొత్త దేశంలో బస్సు ఎక్కడం, వైద్యుని దగ్గర పేరు నమోదు చేయించుకోవడం, ఇంగ్లీషు నేర్చుకోవడం వంటివి అందులో చెప్పేవారు. 1968 నుంచి 1982 దాకా అది ‘నయీ జిందగీ నయా జీవన్’ అనే పేరుతో సాగింది. బర్మింగ్‌హామ్‌లోనే తయారయ్యేది, మహేంద్ర కౌల్, సలీం షాహిద్ నిర్వహించేవారు. భాష హిందీకీ ఉర్దూకీ మధ్యన ఉండే హిందుస్తానీ. నాకంటే ముందు తరం పాలమూరు వాళ్ళు నిజాం కాలంలో ఉర్దూ మాధ్యమంలో చదివినవారు కనుక అందులోని ముషాయిరాలు, ఘజళ్ళు వారికి సొంత ఇంటి మాటల్లా వినిపించేవి. కోస్తా నుంచి వచ్చిన వైద్యమిత్రులకు మేము పక్కన కూర్చొని తెలుగులో వివరించేవాళ్ళం. తెలుగుకు మాత్రం ఆ తెర మీద చోటు ఉండేది కాదు. ఆ వెలితి ఇప్పటికీ నన్ను బాధిస్తుంది.

కాలువ చివరి రైతు:

అందరికీ నమస్కారం. మాది మిర్యాలగూడ వైపు, సాగర్ ఎడమ కాలువ చివరి ఆయకట్టు. డాక్టరు గారు ఆదివారం మధ్యాహ్నాన్ని కొద్దిగా త్వరగా దాటివేశారు, అక్కడ నాకు ఇష్టమైన విషయం ఒకటి మిగిలిపోయింది.

బీబీసీలో 1957 నుంచి 1988 దాకా ఆదివారం మధ్యాహ్న భోజనం వేళకు ‘ఫార్మింగ్’ అనే రైతుల కార్యక్రమం వచ్చేది. పారిశ్రామిక దేశమైనా, రైతు ఒక్క పూట తీరిగ్గా కూర్చొనేది ఆదివారం మధ్యాహ్నమేనని గుర్తించి ఆ వేళ ఆయనకు కేటాయించారు. ధరలు, పశువుల రోగాలు, యంత్రాలు, ప్రభుత్వ విధానాలు అందులో చర్చకు వచ్చేవి. 1988 జూలై 24న దాని స్థానంలో ‘కంట్రీఫైల్’ వచ్చింది. ఆ తేదీకి సరిగ్గా వారం తరువాత, జూలై 31న, ఇక్కడ రామాయణం ముగిసింది. కొత్త కార్యక్రమంలో సాగుతోపాటు పర్యావరణం, కాలినడక దారులు, పల్లె అందాలు చోటు చేసుకున్నాయి. 2009లో దానిని సాయంత్రానికి మార్చిన తరువాత ప్రేక్షకులు బాగా పెరిగారు.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఆ మార్పుతో పల్లెను చూసేవారు పెరిగారు గానీ, పల్లెలో పనిచేసేవాడి కోసం మాట్లాడే కార్యక్రమం పోయింది. పట్నంవాసి సోఫాలో కూర్చొని చూసే పచ్చిక వేరు, ఆ పచ్చికలో పశువుకు వచ్చిన రోగానికి మందు ఏదని అడిగే రైతు అవసరం వేరు. మన హైదరాబాద్ కేంద్రం ప్రసారం చేసిన వ్యవసాయ కార్యక్రమాలను నేను ఎందుకు గౌరవిస్తానంటే, వరిలో దోమపోటు వచ్చినప్పుడు దుబ్బు మొదట్లో ఎక్కడ చూడాలో, నీరు ఎప్పుడు తీసి పొలాన్ని ఆరబెట్టాలో, ఆకు వంచి మొదలు చూపించి మరీ చెప్పేవారు. మా నాన్న అది చూసి లేచి నేరుగా మడి దగ్గరికి పోయేవాడు. ఉపాధ్యాయుల వారు దూరదర్శన్ గురించి రాసేటప్పుడు రామాయణం పక్కన వ్యవసాయ కార్యక్రమాలకు కూడా ఒక పేరా ఇవ్వాలని నా మనవి.

మూసీ తీరం, సూర్యాపేట:

నమస్కారం. దేశమంతా ఒకే కార్యక్రమం ముందు కూర్చున్న సందర్భాలు ఉన్నాయా అన్న ప్రశ్నకు నేను జవాబు ఇస్తాను.

మొదటిది ‘సండే నైట్ ఎట్ ది లండన్ పల్లాడియం’. ఐటీవీ 1955 సెప్టెంబరు 22న లండన్‌లో మొదలైంది. ఆ తరువాత వచ్చిన మొదటి ఆదివారమే, అంటే 25న, ఈ వినోద ప్రదర్శన మొదలై 1967 దాకా సాగింది. పాటలు, హాస్యం, విన్యాసాలు, గడియారంతో పోటీపడే ఆటలు అన్నీ ఒక పాత నాటకశాల నుంచి ప్రత్యక్షంగా వచ్చేవి. 1963 అక్టోబరు 13న బీటిల్స్ బృందం అందులో పాడినప్పుడు సుమారు 1 కోటి 50 లక్షల మంది చూశారు.

రెండవది, నా దృష్టిలో మీ రామాయణానికి అన్నింటికంటే దగ్గరగా వచ్చేది, ‘ది ఫోర్‌సైట్ సాగా’. గాల్స్‌వర్తీ నవలల ఆధారంగా తీసిన 26 భాగాల ఈ కుటుంబ గాథ 1967 జనవరిలో బీబీసీ 2లో వచ్చింది. ఆ ఛానల్ చూడాలంటే 625 గీతల కొత్త టీవీ, వేరే ఆంటెనా కావాలి, అవి అప్పటికి చాలా ఇళ్ళలో లేవు. అందుచేత 1968 సెప్టెంబరు 8 నుంచి ఆదివారం సాయంత్రాల్లో బీబీసీ 1లో మళ్ళీ వేశారు. ఒక దేశం నిజంగా దానిని చూసినది అప్పుడే. 1969లో చివరి భాగాన్ని 1 కోటి 80 లక్షల మంది చూశారు. కొన్ని చర్చిలలో సాయంత్ర ప్రార్థన వేళను దానికోసం ముందుకు జరిపారు. డాక్టరు గారు చెప్పిన నిబంధనలన్నీ ప్రార్థన వేళను టీవీ నుంచి కాపాడటానికి పుట్టినవి. అటువంటిది ఒక నలుపు తెలుపు ధారావాహిక కోసం ప్రార్థన తన వేళను మార్చుకొన్నదంటే, ఆ పదేళ్ళలో ఇంట్లో ఏ పీఠం ఎత్తు పెరిగిందో తెలుస్తున్నది. మన దగ్గర భక్తీ టీవీ ఒకే తెర మీద కలిసిపోయి, టీవీకే పూలదండ వేసి కర్పూరం వెలిగించారు. అక్కడ ఆ రెండూ ఒకే గంట కోసం పోటీపడ్డాయి. పోలికలో ఈ తేడాను మీరు వదలకూడదు.

మూడవది 1979 నవంబరు 11, ఆదివారం. ‘టు ది మేనర్ బార్న్’ అనే హాస్యనాటకపు మొదటి విడత చివరి భాగాన్ని 2 కోట్ల 39 లక్షలకు పైగా జనం చూశారు. ఆ సంఖ్యను యథాతథంగా పక్కన పెట్టి పోల్చడం సరికాదు. ఆ ఏడాది ఆగస్టు నుంచి అక్టోబరు 24 దాకా ఐటీవీలో సమ్మె జరిగి తెర ఖాళీగా ఉన్నది. ఆ నెలల్లో జనం బీబీసీకి అలవాటు పడ్డారు. మొత్తం ఛానళ్ళే మూడు. నాలుగోది వచ్చినది 1982 నవంబరు 2న.

ఇంకొక సంగతి. ఐటీవీ ఒకే సంస్థ కాదు, ప్రాంతానికొక కంపెనీ. లండన్‌లో ఆదివారం మధ్యాహ్నం వచ్చే ఫుట్‌బాల్ కార్యక్రమం యార్క్‌షైర్‌లో వచ్చేది కాదు, వారికి వారి జట్లతో వేరే కార్యక్రమం. కాబట్టి ‘ఒక మామూలు బ్రిటిష్ ఆదివారం’ అని రాసేటప్పుడు ఏ ఊరు, ఏ సంవత్సరం అన్నది తప్పకుండా చెప్పండి.

నల్లగొండ ఉపాధ్యాయుడు:

మీ ముగ్గురికీ హృదయపూర్వక ధన్యవాదాలు. రైతు సోదరుడు అడిగిన పేరా తప్పక రాస్తాను, దోమపోటు సంగతి మీ నాన్నగారిని గుర్తు చేసుకొంటూనే చేరుస్తాను.

రెండు సందేహాలు మిగిలాయి. జనం ఇంట్లో కూర్చొని టీవీ చూడటానికి చర్చి కారణమా, లేక ఆదివారం వేరే ఏ పనికీ దారి లేకపోవడమా? అట్లాగే ఒక ఊరు, ఒక సంవత్సరం ఎంచుకొని ఆనాటి పూర్తి పట్టిక సంపాదించాలంటే ఎక్కడ వెతకాలి?

పాలమూరు వైద్యుడు:

ఉపాధ్యాయుల వారూ, మొదటి సందేహంలో రెండవ కారణానికే నేను ఎక్కువ బరువు ఇస్తాను. నేను ఉన్న నాటికి చర్చికి పోయేవారు తగ్గిపోయారు గానీ, చర్చి పేరుతో చేసిన చట్టాలు మాత్రం గట్టిగా నిలిచి ఉన్నాయి. ఇంగ్లాండులో ఆదివారం పెద్ద దుకాణాలు తెరవరాదు, మద్యశాలలు మధ్యాహ్నం కొద్దిసేపు, రాత్రి కొద్దిసేపు మాత్రమే తెరవాలి. నాలుగు దాటితే చీకటిపడే చలికాలంలో, బజారు మూసి, బస్సులు తగ్గి, వీధి బోసిపోయి ఉంటే మనిషి ఎక్కడికి పోతాడు? హైదరాబాదు పాతబస్తీలో ఆదివారం సందడి చూసిన కళ్ళకు ఆ వీధులు భరించరానివిగా ఉండేవి. టీవీయే దిక్కు.

ఆ కట్టు ఎట్లా వీడిందో కూడా దీనివల్లనే తెలుస్తుంది. ప్రసార గంటలపై ఆంక్షలను 1972 జనవరిలో ఎత్తివేశారు. 1980లలో వీడియో రికార్డర్లు ఇంటింటికీ చేరి, చూడదలచినది తీరిక ఉన్నప్పుడు చూసుకొనే వీలు కలిగింది. 1992 నుంచి ప్రీమియర్ లీగ్ ఆటలు ఆదివారం మధ్యాహ్నం ఉపగ్రహ ఛానల్లో ప్రత్యక్షంగా వచ్చాయి. మత కార్యక్రమాల వేళను ఐటీవీ 1990ల మొదట్లో వదులుకొన్నది. 1994 ఆగస్టు 26 నుంచి దుకాణాలకు ఆదివారం చట్టబద్ధంగా అనుమతి వచ్చింది. వీటిలో చివరిదే అన్నింటికంటే బలమైన దెబ్బ అని నా నమ్మకం. అయినా నాటకాల వేళ మాత్రం చెక్కుచెదరలేదు. 1995లో ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ ఆరు భాగాలూ, 2010లో ‘డౌన్‌టన్ ఆబీ’ ఆదివారం రాత్రే వచ్చాయి.

రెండవ సందేహానికి: బీబీసీ వారి వారపత్రిక ‘రేడియో టైమ్స్’లోని 1923 నుంచి 2009 దాకా ఉన్న పట్టికలను ‘జీనోమ్’ అనే పేరుతో అంతర్జాలంలో ఉచితంగా ఉంచారు. తేదీ వేసి చూస్తే ఆనాటి ప్రసారాలన్నీ గంటల వారీగా కనిపిస్తాయి. అయితే అందులో ఐటీవీ ఉండదు. 1991 మార్చి దాకా రేడియో టైమ్స్ బీబీసీ పట్టికలను మాత్రమే, ‘టీవీ టైమ్స్’ ఐటీవీ పట్టికలను మాత్రమే ప్రచురించేవి. పూర్తి వారం కావాలంటే ఇంటింటా రెండు పత్రికలూ కొనవలసి వచ్చేది. టీవీ టైమ్స్ కూడా ప్రాంతానికొక ముద్రణ వేసేది గనుక మూసీ తీరం గారు చెప్పినట్లు ఊరిని ముందుగా ఎంచుకోండి. నా సలహా అడిగితే, బర్మింగ్‌హామ్, 1975 అక్టోబరు 5 తీసుకోండి. పోల్డార్క్ మొదటి భాగం వచ్చిన ఆదివారం అది.

మూసీ తీరం, సూర్యాపేట:

ఉపాధ్యాయుల వారికి ఒక చిన్న సూచన. ఆ తేదీ పక్కన పెట్టడానికి మన వైపు నుంచి 1988 అక్టోబరు 2 తీసుకోండి. మహాభారతం మొదటి భాగం ఆ ఆదివారమే వచ్చింది. ఆనాటి తెలుగు దినపత్రికల్లో దూరదర్శన్ కార్యక్రమాల పట్టిక అచ్చు అయ్యేది. పాత సంచికలు భద్రపరచిన గ్రంథాలయంలో ఆ తేదీ పత్రిక తీయించి చూస్తే హైదరాబాద్ కేంద్రం కార్యక్రమాలు వేరుగా, ఢిల్లీ నుంచి వచ్చిన జాతీయ కార్యక్రమాలు వేరుగా దొరుకుతాయి. మీ వ్యాసం పూర్తయ్యాక ఇక్కడ కూడా ఉంచవలసిందిగా కోరుతున్నాను.

నల్లగొండ ఉపాధ్యాయుడు:

రెండు తేదీలూ రాసుకొన్నాను. ఈ వారంలోనే పత్రికల సంచికలు తీయించి చూస్తాను. ఇక్కడ చదువుతున్నవారిలో ఎవరి ఇంట్లోనైనా ఆ కాలపు కార్యక్రమాల పట్టికలు కత్తిరించి దాచుకొన్నవి ఉంటే, ఏ తేదీవైనా సరే, ఫొటో తీసి ఈ చర్చ కింద ఉంచండి.